పానం నిమ్మలమా?

దగ్గరికి జరగండమ్మా, ఇంకొంచెం. అంత దూరం నుంచి నా మాట మీకు అందదు. సూరత్‌లో మన తెలుగు నేతవాళ్ల గల్లీలో లింగవ్వ అని ఒకామె ఉంది. నలభై ఏళ్లుగా బాలింతలకూ పసిబిడ్డలకూ ఒళ్లు రుద్ది నీళ్లు పోసి, పానం నిమ్మలమా, అంటే ప్రాణం కుదుటగా ఉందా అని అడిగే మనిషి. ఆమె కోడలు పద్మారాణి. మొన్న ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఇద్దరూ రెండు ఆటోలు మారి, ఆల్థాన్‌లో మౌక్తిక పెట్టిన మాలిష్ సెంటరుకు వెళ్లారు. మౌక్తిక కూడా ఆ గల్లీలో పుట్టిన పిల్లే, లింగవ్వ చేతుల మీద పెరిగిన పిల్లే. ఆ చల్లటి గదిలో ఎవరేమన్నారో లింగవ్వ చెవితోనే వినండి. మధ్యలో నేను అడ్డురాను.

"ఇను అత్తమ్మా, మల్ల అచ్చింది. జర చెవి పెట్టి ఇను."

"ఇంటున్న పద్మా. పానం నిమ్మలమా అని ఎవలో అడుగుతున్నరు."

"ఎవలో కాదు, నువ్వే అడుగుతున్నవ్. అది నీ గొంతు."

"పద్మక్కా, అది స్పీకర్ల పెట్టిన ట్రాక్. లోపల మాలిష్ అయ్యే ప్రతి రూముల ఐదు నిమిషాలకోసారి వస్తది. ముందు కూసోండి. నిలవడి కొట్లాడుడెందుకు."

"ఆ గొంతు ఎవలదో చెప్పు మౌక్తికా, కూసుంట."

"స్టూడియోల చేపిచ్చిన."

"స్టూడియోలకు ఇత్తడి చెంబు ఏడికెళ్లి అచ్చింది? మాటకు ముందుగాల ఠంగుమన్నది ఇన్నవా, అది మా అత్తమ్మ కడియం చెంబుకు తాకిన చప్పుడు. పంతొమ్మిదేండ్లసంది ఒక్క ఇంట్ల ఉండి ఇంటున్న. నాకు చెప్పకు."

"అక్కా, అవుతల క్లయింట్లున్నరు. జర మెల్లగ."

"మెల్లగనే అంటున్న. నీ నోటీసు మాత్రం మెల్లగ రాలే. పోస్టుమన్ మా గల్లీల నిలవడి లింగవ్వ కౌన్ హై, లింగవ్వ కౌన్ హై అని ఒర్లుతుంటే, ఎవలో పోయిన్రేమో అని సగం గల్లీ మా వాకిట్లకు అచ్చింది."

"నీళ్లున్నయా బిడ్డా?"

"ఉన్నయ్ లింగవ్వా. సంధ్యా, రెండు గ్లాసుల నీళ్లు తే, చల్లటియి."

"చల్లటియి వద్దు. మామూలియి చాలు. ఆ ఏడుపెవలది?"

"ఏ ఏడుపు?"

"ఆ అద్దం తలుపు అవుతల. పసిబిడ్డ ఏడుస్తున్నది."

"నా బిడ్డే. అక్కడ ఆయా ఉన్నది. మనం పని మాట్లాడుదాం."

"మూడు నెలలు నిండినయా?"

"పని మాట్లాడుదాం అవ్వా."

"మాట్లాడు. నీ నోరేమన్న నేను పట్టుకున్ననా."

"మాట్లాడుడు కాదు, సదువుమను అత్తమ్మా. ఇగో, నోటీసు నా సంచిలనే ఉన్నది. పంపిన మనిషే సదివి, నీకు అర్థమయ్యేటట్టు చెప్పాలె."

"సదువుడెందుకు పద్మక్కా, సీదా చెప్త. అవ్వా, పానం నిమ్మలం అనే మాట నా కంపెనీ పేరు మీద రిజిస్టర్ అయింది. అగో, గోడకు సర్టిఫికెట్. మాలిష్, నలుగుపిండి, నూనె, బాలింతల నీళ్లు, ఈ పనులకు ఇగ ఆ మాట ఇంకెవరు వాడొద్దు. మీ గల్లీ మూలకు పద్మక్క రూము తీసి, లింగవ్వ మాలిష్, పానం నిమ్మలం అని బోర్డు పెట్టింది. నూనె సీసల మీద అతికిచ్చింది. ఫోన్ల వీడియోలు పెట్టింది. అవి తీసెయ్యాలె. నేనడిగేది గంతే."

"మాట నీదెట్లయింది బిడ్డా?"

"అర్జీ పెట్టిన. సర్కారోళ్లు వాళ్ల జర్నల్ల అచ్చేసిన్రు. నాలుగు నెలలు టైమిచ్చిన్రు. ఎవరన్న అడ్డుజెప్తరేమో అని. ఒక్కరు చెప్పలే."

"మా గల్లీల ఆ జర్నల్ ఎవలింటికి అస్తది మౌక్తికా? పాలోడు తెస్తడా?"

"అది నా తప్పు కాదక్కా. కాయిదా ప్రకారం మాలిష్ లాంటి పనులకుండే నలభై నాలుగో క్లాసుల నాకిచ్చిన్రు."

"నేను తొమ్మిదో క్లాసు దాక సదివిన. నలభై నాలుగు ఏ బడిల ఉన్నదో మరి."

"మజాక్ బంద్ చెయ్ అక్కా. నాకు టైం లేదు."

"మజాక్ నేను చేస్తున్ననా? తెల్లారి లేస్తే గల్లీల అందరు అనుకునే మాట. మా బిక్షపతి మామ రాత్రి షిఫ్టు దిగి, లూముల చప్పుడు చెవులల్ల వెట్టుకొని ఇంటికస్తడు. ఎదురైనోళ్లు ఏమడుగుతరు? పానం నిమ్మలమా మామా అని అడుగుతరు. ఆయనకు గూడ పంపుతవా నోటీసు?"

"మామ మాలిష్ అమ్మడు గద. ఇంట్ల అనుకోండి, గల్లీల అనుకోండి, పెండ్లిల పాట కట్టి పాడుకోండి. నాకేం పంచాయితి లేదు. ధందాల అనొద్దు."

"నా ధందా ఇంట్లనే గద బిడ్డా."

"అంటే?"

"ఒకలింట్ల తానాల రూముల కూసుంట. బాలింతను పీట మీద కూసోవెట్టి ఒళ్లు రుద్ది నీళ్లు పోస్త. ఆఖరి చెంబు నెత్తి మీదికెళ్లి పోసి, నెత్తి మీద చెయ్యి పెట్టి అడుగుత. అది ఇల్లా, ధందానా?"

"అవ్వా, అది..."

"ధందా ఏడ మొదలైతది చెప్పు. చెంబు ఎత్తినకాడనా, నోరు తెరిచినకాడనా?"

"వకీల్‌ను అడిగి చెప్త."

"అడుగు. అందాక పొయ్యి మీద నీళ్లు కాగవెట్టుకొని కూసుంట."

"నువ్వు చెప్పు అత్తమ్మా, నువ్వు చెప్తేనే ఈమెకు సిగ్గయితది. చీరల దారాల కటింగు పని ఇడిసిపెట్టి రూము తీసిన నేను. రోజుకు ఏడెనిమిది మంది అస్తున్నరు. అండ్ల గుజరాతీ ఆడోళ్లే ఎక్కువ. తెలుగు ఒక్క ముక్క రాదు. పానం నిమ్మల్ కహాఁ హై అని అడుక్కుంట అస్తరు. బోర్డు పీకేస్తే వాళ్లు నన్ను ఏమని దేవులాడుతరు?"

"లింగవ్వ మాలిష్ అని పెట్టుకో అక్కా. ఎవరొద్దన్నరు."

"రేపు ఆ పేరు గూడ నీ గోడకు ఎక్కుతది. గొంతు ఎక్కింది, మాట ఎక్కింది, ఇగ పేరెంతసేపు."

"బస్, అక్కా. అవ్వా, ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. ఆ మాట నువ్వు పుట్టిచ్చినవా?"

"లేదు."

"మరి ఎవరు పుట్టిచ్చిన్రు?"

"మా అత్త వజ్రమ్మ అడిగేది. ఆమెకంటె ముందుగాల ఎవలు అడిగిన్రో ఆమెకే ఎరుకలేదు."

"చూసినవా. నీది కాదు గద. నీది కానిదానికి నీకెందుకు బాధ?"

"నాది కాదు కాబట్టే. నాదయితే, పో బిడ్డా, తీస్కపో అందును."

"ఇగ చెప్పు మౌక్తికా, దీనికేం సెక్షనున్నదో."

"పద్మక్కా, నువ్వు నడుమల మాట్లాడకు."

"బిడ్డ ఇంక ఏడుస్తనే ఉన్నది."

"ఆయా ఉన్నది అవ్వా."

"ఆయా ఉన్నది, నాకినవడ్డది. ఎత్తుకున్న ఏడుపు వేరుంటది, ఎత్తుకోని ఏడుపు వేరుంటది. అది పండవెట్టినకాడ ఏడుస్తున్నది."

"డాక్టర్ చెప్పిండు, ఊకె ఎత్తుకోవద్దని."

"ఏ డాక్టర్?"

"అవ్వా, నువ్వు నన్ను పరీక్ష చేసెతందుకు వచ్చినవా? నీ కోసం ఒక మంచి మాట ఆలోచించి పెట్టిన. ఇను. కామ్‌రేజ్‌ల రెండో బ్రాంచి పెడ్తున్న. పార్టనర్లు ఉన్నరు. ఆ మాట మీద ఏ పంచాయితి లేదని మీ ఇద్దరి దస్తఖత్ కావాలన్నరు వాళ్లు. దస్తఖత్ పెట్టు. పెట్టినంక ఐతారం ఐతారం నువ్వు ఇక్కడికి రా. కారు పంపుత. ఏసీల కూసో. తెల్లచీర ఇస్త, నెత్తిల పువ్వులు. వచ్చినోళ్లకు నీ చేతులు చూపెడ్తం. అసలు లింగవ్వ అంటే ఈమెనే అని."

"తెల్లచీరనా?"

"చూసెతందుకు మంచిగుంటదని."

"మొగడు ఉన్న మనిషికి తెల్లచీర కట్టిచ్చి కూసోవెడ్తదట అత్తమ్మా. మామ వింటే లూము ఆపి అస్తడు."

"అరె, రంగు ఏదైతేంది అక్కా, పసుపుపచ్చది కట్టుకోనియ్. నేననేది ఇజ్జత్ గురించి."

"నా చేతులు చూపెట్టి ఏం చేస్తవు బిడ్డా? పని చెయ్యొద్దా?"

"పని పిల్లలు చేస్తరు. ట్రైనింగ్ ఇచ్చిన."

"మరి అడుగుడు?"

"స్పీకర్ల వస్తున్నది గద."

"అవును, వస్తున్నది. అది నన్ను అడగకుంట పట్టుకున్నవ్. ఎప్పుడు పట్టుకున్నవ్?"

"మా ఇంట్ల నీళ్లు పోసినవ్ గద. అప్పుడు ఫోన్ కిటికిల పెట్టిన. యాదికుంటదని."

"దొంగ కెమెరా పెట్టింది అత్తమ్మా. తానం చేసేకాడ."

"నా తానాల రూము, నా ఫోను పద్మక్కా. దొంగతనమేంది. అయినా గొంతు ఒక్కటే తీసిన, అది గూడ ఒక్క మాట."

"ఇరవై ఒకటోనాటిది."

"ఏంది అవ్వా?"

"నువ్వు పట్టుకున్నది కాన్పు అయినంక ఇరవై ఒకటోనాటి మాట. ఆనాడు చెంబు మార్చిన. మీ అత్త తెచ్చిన పెద్దది. అందుకే చప్పుడు అంత గట్టిగున్నది. ఆనాడు నిన్ను ఎన్నిసార్లు అడిగిన?"

"నాకు యాది లేదు."

"నాకున్నది. మూడుసార్లు అడిగిన. నీ ట్రాకుల ఒక్కసారే అస్తున్నది."

"ఒక్కసారి చాలు. మాట, దాని తర్వాత ఫ్లూట్."

"ఏందది?"

"పిల్లనగ్రోవి."

"అడిగి ఆగరా?"

"ఎందుకాగాలె? క్లయింట్లు కండ్లు మూసుకొని పంటరు అవ్వా. వాళ్లను ఎవరు జవాబడుగుతరు. అది వినెతందుకు మంచిగుంటది, గంతే."

"అడిగి, ఆగకుంట, పిల్లనగ్రోవి ఊదుతరు."

"ఇగ నువ్వు గూడ మజాక్ మొదలుపెట్టినవా."

"నేను మజాక్ ఆడుతలేను. నువ్వు తప్పు మాటను పట్టుకున్నవ్ బిడ్డా. సగం పట్టుకున్నవ్. పానం నిమ్మలమా అన్నది దీవెన కాదు. అడుగుడు. అడిగి, నెత్తి మీద చెయ్యి పెట్టి, జవాబు అచ్చేదాక ఆగాలె. చెయ్యి తియ్యొద్దు. జవాబు రాకుంట బాలింత పీట మీదికెళ్లి లేవొద్దు, నేను కొంగు దులుపుకొని పోవద్దు."

"అందరు నిమ్మలమే అంటరు. ఎవరన్న కాదంటరా."

"పరమేశ్వర్ పెండ్లాం విజయశ్రీని పోయి అడుగు. మొదటి కాన్పు. ఆఖరి చెంబు పోసి అడిగిన. చప్పుడు లేదు. నీళ్లన్ని కారిపోయినయ్, పీట గూడ ఆరింది, నా చెయ్యి అట్లనే ఉన్నది. అప్పుడన్నది, అవ్వా, పథ్యమని చెప్పి వారంరోజులసంది నాకు రెండు ముద్దలే పెడ్తున్నరు, ఆకలికి నిద్రపడ్తలేదు అని. నేను తడి చీరతోనే వంటింట్లకు పోయి ఆమె అత్త చేతుల గంటె గుంజుకున్న."

"సరే అవ్వా, మంచిదే చేసినవ్. కానీ..."

"ఇంకొకామె ఒడియా పిల్ల. పేరు మరిచిన. లేదు, మరువలే, సుకాంతి. ఆమెకు మన మాట రాదు, నాకు వాళ్ల మాట రాదు. అయినా అడిగిన. నా ముంజేయి పట్టుకొని ఏడ్చుకుంట కూసున్నది. అది గూడ జవాబే. మొగన్ని పిలిపిచ్చి, వాళ్లమ్మకు ఫోను కలపుమన్న."

"ఈ కథలు కోర్టుల నడువయ్ అవ్వా."

"కోర్టుకు చెప్తలేను. నీకు చెప్తున్న. నీ కుర్తా తడిసింది."

"టీ ఒలికింది."

"టీ ఒలికితే రెండు దిక్కుల ఒక్కతీరుగ ఒలకదు బిడ్డా. బిడ్డ ఏడ్చినకొద్ది తడుస్తున్నది. లేచి పోయి పాలియ్యి. మేం కూసుంటం. కొట్లాట ఏడికి పోదు."

"డబ్బాపాలు తాగుతది అది. ఆయా పట్టిస్తది. లింగవ్వా, మా ఇంట్ల నీ పని ఇరవై ఒక్క రోజులది. అయిపోయింది. చీర పెట్టినం, బియ్యం పోసినం. ఇగ నా కుర్తా, నా బిడ్డ, నా నెత్తి, ఇవేవీ నీకు అవసరం లేదు."

"నెత్తి గురించి నేనేమనలే."

"అన్నవ్. ఇందాక లోపలికి రాంగనే నెత్తి దిక్కు చూసినవ్. దువ్వుకోలేదని."

"చూసిన. నీ మొగడు ఓంకార్ ఏడి?"

"పల్సానాల ఉన్నడు. మిల్లుల. ఆయనకు బట్టల డయింగ్ పని తప్ప ఇంకేం కనబడదు. మీ అత్త ఏది, మీ ఆడబిడ్డ ఏది, అవి గూడ అడుగు. ఎవరు లేరు. అందరు వాళ్ల వాళ్ల ఇండ్లకు పోయిన్రు. అమ్మ ఎట్లాగు బతికి లేదు. సరేనా? అయిపోయిందా పరీక్ష?"

"మీ ఇంట్ల నా పని అయిపోయిందన్నవ్ గద. అయిపోలే."

"ఏం మిగిలింది?"

"మిగిలింది. చెప్త. ముందు నీ కాగితం సంగతి కానియ్."

"కాగితం గీగితం లేదు అత్తమ్మా. దస్తఖత్ పెట్టేది లేదు. ఆ మాట అందరిది. మన తాతల్ది, ముత్తాతల్ది. ఒక్క మనిషి పేరు మీద రాసుకునుడు పాపం. రేపు గల్లీల ఆడోళ్లందర్ని పట్టుకొచ్చి ఈ అద్దాల ముందల కూసోవెడ్త."

"పాపమా పద్మక్కా?"

"పాపమే."

"అయితే పోయిన దీపావళి ముందు రింగ్ రోడ్డు మీద ఏజెంటు ఆఫీసుకు ఎందుకు వోయినవో మీ అత్తమ్మకు చెప్పు."

"ఏ ఏజెంటు?"

"ట్రేడ్ మార్కులు రిజిస్టర్ చేపిచ్చే ఏజెంటు. నా వకీలుకు దోస్తు. నీ ఆధార్ జిరాక్సు ఇంక ఆయన ఫైల్లనే ఉన్నది."

"చీటీ డబ్బుల పనిమీద వోయిన."

"అక్కా, ఫోన్ కలపాల్నా?"

"ఏమంటున్నది పద్మా ఈమె?"

"ఏం లేదత్తమ్మా. ఊకె... ఊకె అడిగెతందుకు వోయిన. పేరు దొరుకుతదా లేదా అని."

"ఏ పేరు?"

"అదే. మన పేరు. మన మాట."

"అడిగెతందుకు వోతే అర్జీ ఎందుకు నింపినవ్ పద్మక్కా? అంతకుముందే నేను పెట్టిన కాబట్టి నీది ఆగింది. లేకపోతే ఈ సర్టిఫికెట్ మీ గోడకు ఉండేది. ఓనర్ అన్నకాడ ఎవరి పేరు రాపిచ్చినవో అది గూడ చెప్పు."

"అత్తమ్మ కార్డు మీద పేరు తప్పున్నది, అందుకే..."

"ఎవరి పేరు?"

"నా పేరు. నా పేరే రాపిచ్చిన. ఏం, నేను ఇంటిమనిషిని కాదా?"

"నాకు చెప్పలే పద్మా."

"చెప్తే వద్దందువు. నీకు తెల్వదు అత్తమ్మా బయట ఎట్లుంటదో. ముందుగాల మనం పట్టుకోకపోతే ఇంకెవలో పట్టుకుంటరని భయపడ్డ. పట్టుకున్నది గద, చూడు. నేనయితే నిన్ను అడగకు అందునా?"

"నన్ను అనవు పో. పక్క గల్లీల హారతి గూడ బాలింతలకు నీళ్లు పోస్తది. ఆమె అడిగితే?"

"ఆమె వేరే రూము పెట్టి, మన మాటనే బోర్డు మీద రాసుకుంటే ఊకుంటమా?"

"అదే అంటున్న."

"అత్తమ్మా, నువ్వు నన్ను ఈమెతోని కలుపుతున్నవ్."

"నేను కలుపలే. మీరే ఒక్క ఆఫీసుల కలిసిన్రు."

"చూడవ్వా, ఇప్పటికన్న నీకు అర్థమయింది గద. నేనొక్కదాన్నే చెడ్డదాన్ని కాదు."

"అర్థమయింది బిడ్డా. కాగితం ఇటియ్యి. సిరా డబ్బి ఉన్నదా?"

"ఉన్నది."

"అత్తమ్మా, ఏం చేస్తున్నవ్? నా మీది కోపం నా మీదనే తీర్సుకో, కాగితం మీద కాదు. వేలు పెడ్తే అయిపోతది. బోర్డు పోతది, రూము పోతది, మల్ల నేను కటింగుకు పోవాలె. వేలు పెట్టకు."

"నువ్వు ఊకో పద్మా. మౌక్తికా, ఇండ్ల ఏమున్నదో సదువు. ఒక్క అక్షరం ఇడిసిపెట్టకు."

"పెద్దగ ఏం లేదు. లింగవ్వ అనే నేను ఈ రోజు నుంచి, మాలిష్ పనిల గాని బాలింతల నీళ్ల పనిల గాని, పానం నిమ్మలం అనే మాటను బోర్డుల మీద రాయను, సీసల మీద పెట్టను, నోటితోని అనను, ఎవరిని అడగను. దీని కింద నీ వేలు. తర్వాత పద్మక్క దస్తఖత్."

"అడగనని గూడ ఉన్నదా?"

"ఉన్నది."

"ఎప్పటికి?"

"ఎప్పటికి అడగవ్."

"వేలు పెట్టిన గడియకెళ్లి?"

"అవును అవ్వా. అప్పటి నుంచే."

"అంటే వేలు పెట్టకముందుగాల అడుగొచ్చు."

"ఏంది?"

"సిరా డబ్బి ఇటు జరుపు. ఇగో, వేలు ముంచిన. కాగితం కాడికి పోకముందు నాకు ఒక్కసారి అడిగేది ఉన్నది. జర ముందుకు వంగు."

"నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఏం చేస్తున్నవ్ అవ్వా? చెయ్యి తియ్. నీ వేలికి సిరా ఉన్నది."

"ఉండనియ్. అంటితే కడుగుదం."

"అవ్వా, అద్దంల కెళ్లి జనం చూస్తున్నరు."

"చూడనియ్. రెండు ఆటోలు మారి నేను నోటీసు గురించి రాలే బిడ్డా. నోటీసు పంచాయితి పద్మది. ఆనాడు మూడుసార్లు అడిగిన నిన్ను. మూడోసారికి, వకీల్ ఫోనని చెప్పి తడి నెత్తితోనే లేచి పోయినవ్. నా చెయ్యి అట్లనే మిగిలింది. అప్పటిసంది ఏ ఇంట్ల నీళ్లు పోసినా నీ పీటనే యాదికస్తున్నది. నా నలభై ఏండ్లల్ల జవాబు రానిది నీదొక్కటే."

"చెప్పిన గద అప్పుడే. నిమ్మలమే అని చెప్పినట్టున్న."

"చెప్పలే. నీ ఫోన్ల ఉన్నది, పెట్టి ఇను."

"అయితే ఇప్పుడు చెప్తున్న. నిమ్మలం. సరేనా? చెయ్యి తియ్ ఇగ."

"నువ్వు సర్టిఫికెట్ దిక్కు చూసి చెప్తున్నవ్. నా దిక్కు చూడు."

"అవ్వా, వద్దు."

"నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ ఉషాదేవిని గూడ అడిగిన. ఏమన్నదో ఎరుకేనా నీకు?"

"నిమ్మలం అన్నది. అమ్మనే చెప్పింది నాకు. అందుకే... అందుకే నాకు ఆ మాట ఇష్టం. అందుకే పెట్టుకున్న."

"అది నలభయ్యోనాడు అన్నది. మొదటిసారి అడిగిననాడు ఏమన్నదో నీకు చెప్పలే. ఎట్ల చెప్తది. బిడ్డను ఎత్తుకోబుద్ది అయితలేదవ్వా, ఎవలో పరాయోళ్ల బిడ్డ లెక్క ఉన్నది అన్నది. ఆ బిడ్డవు నువ్వే. అనంగనే నేను మీ నాయిన నరహరిని లూముల కార్ఖానల కెళ్లి పిలిపిచ్చిన. పంతొమ్మిది దినాలు మీ ఇంట్లనే పండుకున్న. నిన్ను నేను పట్టుకున్న, ఆమెను మీ నాయిన పట్టుకున్నడు. దవాఖానకు గూడ తిప్పినం."

"అబద్ధం. అమ్మ అట్ల అనదు."

"అన్నది. అన్నది కాబట్టే నలభయ్యోనాడు నిమ్మలం అనగలిగింది. అననోళ్లకే నాకు భయం."

"అత్తమ్మా, పిల్ల చేతులల్ల కాగితం నలుగుతున్నది."

"చూస్తున్న. పద్మా, ఆ స్పీకరు బందు పెట్టుమను. నా గొంతు నాకే అడ్డమస్తున్నది. పోయి, ఆ బిడ్డను ఇటు ఎత్తుకరా."

"సంధ్యా, ఆ స్పీకరు బంద్ చెయ్. హా, పూరా బంద్. నేను బిడ్డను తెస్త అత్తమ్మా."

"చెయ్యి తియ్ అవ్వా. దస్తఖత్ వద్దు ఏమొద్దు. తియ్."

"జవాబు అచ్చేదాక తియ్య. నీకెరుకే గద. మాట నీ పేరు మీద రాసుకున్నవ్, చెయ్యి ఇంక నాదే. ఇగ చెప్పు. పానం నిమ్మలమా బిడ్డా?"

అడ్డురానన్నాను కదా, ఈ ఒక్కచోట వస్తాను తల్లుల్లారా. ఈ కథను మనసులో పెట్టుకోండి. మీ ఇంట్లో కోడళ్లకూ, వాళ్ల అత్తలకూ, పెళ్లికి ఎదిగిన మగపిల్లలకూ చెప్పండి. చెప్పేటప్పుడు మిగతాదంతా ఎంత గబగబా చెప్పినా సరే, ఇక్కడికి వచ్చాక మాత్రం ఆగండి. ముసలిదాని వేలి మీద సిరా ఆరిపోయేంతసేపు ఆగండి. ఆ పిల్ల అంతసేపు ఆగింది. ఆ తర్వాతే ఈ ఆఖరి మాట చెప్పండి.

"లేదవ్వా. చెయ్యి తియ్యకు."